ఒకే కెమెరా, మూడు చోట్ల మూడు రకాల వైఫల్యం: రామప్ప గుడి, నృత్య వేదిక, ఉప్పలపాడు చెరువు

కృష్ణలంక_వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఆరు నెలల క్రితం రెండు లెన్సులతో వచ్చే, ఏపీఎస్-సీ అనే చిన్న రకం సెన్సర్ ఉన్న మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి కొన్నాను. ఒక లెన్సు 18-55 మిల్లీమీటర్లు, రెండోది 55-250. అపర్చర్ (లెన్సు రంధ్రం) సంఖ్య పెరిగితే లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుందనీ, షట్టర్ స్పీడ్ తగ్గితే కదలిక చెదురుతుందనీ, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) పెంచితే ఫొటోలో నలుసులు పెరుగుతాయనీ చదివి తెలుసుకున్నాను. అయినా నేను ఎంతో ఇష్టంగా వెళ్ళిన మూడు చోట్లా ఫొటోలు పాడయ్యాయి.

మొదటిది రామప్ప గుడి. మండపం చూరు కింద ఏటవాలుగా నిలిపిన నల్లరాతి మదనిక (స్త్రీమూర్తి) శిల్పాలను కింద నిలబడి తీస్తే ఆకాశం చక్కగా వచ్చింది కానీ, శిల్పం బొగ్గుముద్దలా మిగిలింది. మెడలోని హారాల పేటలు నా కంటికి స్పష్టంగా కనిపించాయి. మా ఆవిడ ఫోన్‌లో తీసిన ఫొటోలోనూ కనిపించాయి. నా కెమెరాలో మాత్రం లేవు. రెండోది మా అమ్మాయి కూచిపూడి ప్రదర్శన. చాలా ఫొటోలలో చేతులు పొగలా చెదిరిపోయాయి. షట్టర్ స్పీడ్ పెంచిన వాటిలో అడ్డంగా నల్లని చారలు పడ్డాయి. మూడోది గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువు. అక్కడి తెల్లకొంగలు ఒక్క ఈక కూడా తెలియకుండా సున్నపు ముద్దల్లా వచ్చాయి.

మ్యాన్యువల్ మోడ్ నేర్చుకోకపోవడమే కారణమని ఒక మిత్రుడు, లెన్సులు మార్చాలని మరొక మిత్రుడు చెబుతున్నారు. అసలు లోపం ఎక్కడుందో అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

వెలుగునీడ:

మీరు రాసిన మూడింటిలో రెండు నిజానికి ఒకే సమస్య. కెమెరాలో వెలుగును కొలిచే మీటరుకు ఎదురుగా ఉన్నది నల్లరాయో తెల్లకొంగో తెలియదు. తనకు అందిన వెలుగంతా కలిపి మధ్యస్థమైన బూడిద రంగుకు తేవాలని చూడటమే దాని పని. ఇప్పటి కెమెరాలు ముఖాలను గుర్తించి కొంత సర్దుకుంటాయి కానీ, మూల స్వభావం అదే. మీ ఫ్రేములో సగానికి పైగా ఆకాశం ఉంది కనుక మీటరు ఆకాశాన్ని సరిచేసి, శిల్పాన్ని చీకటిలో వదిలేసింది. ఫోను అయితే వేర్వేరు వెలుగుల్లో వరుసగా కొన్ని ఫ్రేములు తీసి, వాటిని కలిపి ఒక ఫొటోగా ఇస్తుంది. మీ కెమెరా ఒక్క ఫ్రేమే తీస్తుంది కాబట్టి ఏది ముఖ్యమో మీరే దానికి చెప్పాలి.

దానికి మ్యాన్యువల్ మోడ్ అవసరం లేదు. అపర్చర్ మీరు ఎంచుకుంటే షట్టర్ స్పీడ్‌ను కెమెరాయే చూసుకునే అపర్చర్ ప్రయారిటీ మోడ్‌లో ఉండి, ఫొటో వెలుగును పెంచే, తగ్గించే, ప్లస్, మైనస్ గుర్తులున్న ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను వాడండి. ఆకాశం వెనక ఉన్నప్పుడు ప్లస్ 1 నుంచి ప్లస్ 1.5 వరకు పెంచితే ఆకాశం తెల్లబడుతుంది కానీ హారాలు కనిపిస్తాయి. అయితే నా సలహా ఏమిటంటే, ఆకాశాన్ని ఫ్రేములోకి రానివ్వకండి. రెండడుగులు పక్కకు జరిగి, మదనిక వెనక చూరు అడుగుభాగమో ఎర్ర ఇసుకరాతి గోడో వచ్చేలా నిలబడండి. అప్పుడు ఫ్రేమంతా ముదురు రంగే కనుక మీటరు నల్లరాయిని బూడిదగా మార్చేస్తుంది. దానికి మైనస్ 0.7 ఇస్తే రాయి మళ్ళీ నల్లగా, నునుపుగా కనిపిస్తుంది. ఒకే శిల్పానికి ఒక చోట నుంచి ప్లస్, మరో చోట నుంచి మైనస్ ఎందుకు అవసరమైందో అర్థమైతే మీ సందేహం సగం తీరినట్టే.

వేళ కూడా ముఖ్యమే. ఆ గుడి తూర్పు ముఖంగా ఉంటుంది. ఉదయం ఎండ ఏటవాలుగా తగిలినప్పుడు చెక్కడం లోతు తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం చూరు నీడలో అంతా చదునుగా కనిపిస్తుంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అంతటి పనితనాన్ని పది నిమిషాల్లో చుట్టివచ్చే బదులు, ఒక్క మదనిక ముందు అరగంట నిలబడి ఎండ జరిగే తీరు చూడమని నా మనవి. ఫైళ్ళను రా ఫార్మాట్‌లో (సెన్సర్ నమోదు చేసిన సమాచారాన్ని కుదించకుండా ఉంచే రకం) తీయండి. నీడల్లో దాగిన వివరాన్ని తర్వాత కొంతవరకు పైకి తేవచ్చు.

కొంగల విషయంలో ప్లస్ 1 ఇచ్చి చూడండి. తెల్లని వస్తువుకు ప్లస్, నల్లని వస్తువుకు మైనస్ అని గుర్తు పెట్టుకుంటే చాలు.

నీటిపక్షి:

వెలుగునీడ గారు రామప్ప గురించి చెప్పినదంతా నిజమే కానీ, చివరి వాక్యంతో నేను ఏకీభవించలేను. ఉప్పలపాడులో ప్లస్ 1 ఇస్తే కృష్ణలంక గారి కొంగలు ఇంకా పాడవుతాయి. తెలుపుకు ప్లస్ అన్న సూత్రం తెలుపు ఫ్రేమంతా నిండినప్పుడే వర్తిస్తుంది. ఆ చెరువులో కొంగలు వాలేది నీటి మధ్యనున్న ముదురు ఆకుపచ్చ చెట్ల మీద. 250 వద్ద కూడా కొంగ ఫ్రేములో చిన్న భాగమే. మిగిలినదంతా చెట్ల నీడ. మీటరు ఆ నీడను వెలిగించబోయి కొంగను కాల్చేసింది. అక్కడ ఇవ్వాల్సింది మైనస్ 0.7 నుంచి మైనస్ 1 వరకు. అదే కొంగ ఎగిరి తెల్లని ఆకాశం మీదికి వెళ్ళగానే ప్లస్ 1 కావాలి, లేకపోతే రెక్కల అడుగు మసిబారినట్టు వస్తుంది. నేను రంగు కొంగల గూళ్ళ దగ్గర కూర్చున్నప్పుడు బొటనవేలు ఎప్పుడూ ఆ డయల్ మీదే ఉంటుంది.

పూర్తిగా తెల్లబడిన చోట రా ఫైలులో కూడా ఏమీ మిగలదు, నీడలో మాత్రం చాలా మిగులుతుంది. అందువల్ల తెల్లని పక్షికి ఎప్పుడూ కొంచెం తక్కువ వెలుగు వైపే ఉండటం మేలు. మెనూలో హైలైట్ హెచ్చరికను ఆన్ చేసుకుంటే, కాలిపోయిన భాగం తెరపై నల్లగా, తెల్లగా మినుకుమంటుంది. వీపు మీది ఈకలు మినుకుమంటుంటే ఇంకా తగ్గించండి.

ఇక షట్టర్ స్పీడ్. మీ సెన్సర్ మీద 250 లెన్సు ఇచ్చే దృశ్యం పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేము కెమెరాలో సుమారు 375కు సమానం కనుక, కూర్చున్న పక్షికైనా 1/400కు తగ్గవద్దు. ఎగిరే పక్షికి 1/1600 పెట్టి, ఫోకస్‌ను కదిలే పక్షిని వెంటాడే కంటిన్యువస్‌లో ఉంచండి. ఐఎస్ఓను ఆటోలో వదిలి గరిష్ఠ పరిమితి 3200 పెట్టుకోండి. కొంచెం నలుసులున్న పదునైన ఫొటో, నలుసుల్లేని చెదిరిన ఫొటో కన్నా నూరుపాళ్ళు నయం. ఇంకొక్క మాట: గూళ్ళ కాలంలో పక్షులు ఎగిరితే బాగుంటుందని చప్పట్లు కొట్టేవారిని చూశాను, చాలా బాధ కలిగింది. తల్లి లేచిపోయిన గూటిలో గుడ్లు, పిల్లలు ఎండకు మాడతాయి. దయచేసి ఎవరూ అలా చేయకండి.

జతి_తాళం:

నృత్య ప్రదర్శనలను పదిహేనేళ్ళుగా తీస్తున్నాను కనుక ఆ భాగానికి నేను సమాధానం రాస్తాను.

లెన్సు మార్చాలన్న మీ మిత్రుడి మాట ఇక్కడ మాత్రమే సరైనది. మీ 18-55 లెన్సు 55 దగ్గర అపర్చర్ ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. 50 ఎఫ్/1.8 లెన్సు దానికన్నా సుమారు పది రెట్లు ఎక్కువ వెలుగు ఇస్తుంది. అంటే ఐఎస్ఓ 6400 కావలసిన చోట 640 సరిపోతుంది. కెమెరా కంపెనీలు అమ్మే లెన్సుల్లో ఇది చవకైన వాటిలో ఒకటి.

నల్లని చారలకు కారణం వేదిక మీది ఎల్ఈడీ దీపాలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక చాలా దీపాలు సెకనుకు వంద సార్లు మినుకుతాయి. కంటికి అది తెలియదు కానీ, 1/500 వంటి వేగంలో ఫ్రేములో కొంత భాగం దీపం మసకబారిన క్షణంలో నమోదవుతుంది. 1/100 లేదా 1/50 పెడితే చారలు చాలావరకు పోతాయి. సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉంటే ముందు దాన్ని ఆపండి; ఎలక్ట్రానిక్ షట్టర్‌లో చారలు మరీ ఎక్కువ. దీపాల మినుకును తట్టుకునే యాంటీ ఫ్లికర్ సదుపాయం ఉంటే ఆన్ చేయండి.

అయితే 1/100లో చేతులు చెదరవా అని మీరు అడుగుతారు. చెదురుతాయి, మీరు కదలిక మధ్యలో నొక్కితే. కెమెరా పక్కన పెట్టి నట్టువాంగం (గురువు తాళం వేస్తూ పలికే జతులు) వినండి. జతి చివర ముగింపు భాగమైన తీర్మానం మూడు ఆవృత్తాలుగా వస్తుంది. మూడోసారి చివరి దెబ్బ మీద పాదం నేలను తాకి, చేయి పూర్తిగా చాచి, చూపు ఆ చేతివైపు తిరిగి, అమ్మాయి ఒక్క లిప్త పాటు శిల్పంలా నిలిచిపోతుంది. ఆ నిలకడలో 1/100 చాలు. దెబ్బ విన్నాక నొక్కితే ఆలస్యమైపోతుంది. తాళం మనసులో లెక్కపెట్టి, దెబ్బతో పాటే నొక్కాలి. రిహార్సల్‌కు రెండుసార్లు వెళ్ళి వింటే ఇది వచ్చేస్తుంది, ఎందుకంటే మీ అమ్మాయి అంశాలు ఇంట్లో అందరికన్నా మీకే బాగా తెలుసు.

తరంగంలో ఇత్తడి పళ్ళెం మీద నడిచేటప్పుడు మాత్రం పాదాలను, పళ్ళెం అంచును ఫ్రేములోంచి తెగ్గొట్టకండి. ముఖం ఎంత బాగా వచ్చినా పళ్ళెం లేని తరంగం ఫొటోను నాట్యం తెలిసినవారు ఆల్బంలో ఉంచుకోరు. ఎర్ర లైట్ ముఖం మీద పడినప్పుడు ఆగి, తెల్ల లైట్ వచ్చాక తీయండి. ఎరుపులో కరిగిపోయిన ముఖకవళికలను తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తీసుకురాలేదు.

కృష్ణలంక_వాసి:

ముగ్గురికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. వెలుగునీడ గారు, నీటిపక్షి గారు చెప్పినదాన్ని ఇంట్లోనే పరీక్షించాను. కిటికీ పక్కన మా నాన్నగారి తెల్ల పంచెను ఫ్రేమంతా నింపి ఒకటి, నల్ల గొడుగు గుడ్డను నింపి మరొకటి తీశాను. రెండూ దాదాపు ఒకే బూడిద రంగులో వచ్చాయి. పంచెకు ప్లస్ 1.3, గొడుగుకు మైనస్ 1.3 ఇచ్చాక దేని రంగు దానికి వచ్చింది. తర్వాత గొడుగు మధ్యలో ఒక్క మల్లెపువ్వు పెట్టి తీస్తే, సరిగ్గా ఉప్పలపాడు కొంగలాగే పువ్వు రేకులు కలిసిపోయి తెల్లని మరక మిగిలింది; మైనస్ 1లో రేకులు విడివిడిగా కనిపించాయి. ఆరు నెలలుగా చదివి అర్థం కానిది పది నిమిషాల్లో అర్థమైంది.

ఒక సందేహం మిగిలింది. మరునాడు మేడ మీద తీసిన ఫొటోలన్నీ చీకటిగా వచ్చాయి. ఎందుకు?

నీటిపక్షి:

మల్లెపువ్వు ప్రయోగం చాలా బాగుంది, మా పక్షుల బృందంలో కొత్తవారికి ఇకపై అదే చూపిస్తాను. మేడ మీద చీకటికి కారణం బహుశా ఆ మైనస్ 1 అలాగే ఉండిపోవడమే. చాలా కెమెరాలు ఆపి మళ్ళీ ఆన్ చేసినా కాంపెన్సేషన్‌ను గుర్తుంచుకుంటాయి. బయలుదేరే ముందు వ్యూఫైండర్ అడుగున ఉన్న గీత సున్నా దగ్గర ఉందో లేదో చూసుకోండి. ఉప్పలపాడు వచ్చేటప్పుడు తెల్లవారేసరికి అక్కడ ఉండేలా రండి. ఎనిమిది దాటితే ఎండ గట్టిపడి తెల్లని ఈకల మీద మైనస్ 1 కూడా చాలదు.