ఆన్ చేసి ఎంతసేపైంది? ఎన్నాళ్లైంది?

ప్రశ్న: మా లైనక్స్ మెషీన్లు బూట్ అయి (ఆపరేటింగ్ సిస్టమ్ మొదలై) ఎంత సమయమైందో చూపించడానికి చిన్న షెల్ స్క్రిప్ట్ (కమాండ్ల వరుస) రాశాను. ప్రాక్ డైరెక్టరీలోని అప్‌టైమ్ ఫైల్‌లో మొదటి సంఖ్య, బూట్ అయినప్పటి నుంచి గడిచిన సెకన్లు. దాన్ని 86400తో భాగించి రోజులు, మిగిలినదాన్ని 3600తో భాగించి గంటలు తీస్తుంది. ఇప్పుడు 'నడుస్తున్న సమయం: 3 రోజులు 4 గంటలు 12 నిమిషాలు' అని చూపిస్తోంది. రైల్వే అనౌన్స్‌మెంట్‌లా ఉంది. మంచి మాట చెప్పండి.

వ్యాఖ్య: 'నిర్విరామ కాలం'?

వ్యాఖ్య: అది చూస్తే కంప్యూటర్‌కి సన్మానం చేస్తున్నారేమో అనుకుంటారు. అసలు ఇక్కడ నామవాచకం ఎందుకండీ? ఇలాంటివి మనం క్రియతో చెబుతాం. వాన వెలిసి ఎంతసేపైంది, ఊరెళ్లి ఎన్నాళ్లైంది. అలాగే 'ఆన్ చేసి 3 రోజుల 4 గంటల 12 నిమిషాలైంది' అనొచ్చు. మధ్యలో 'రోజుల', 'గంటల' అని వస్తాయి, చివరిదానికే 'అయింది' అతుకుతుంది. బహువచనమైనా 'అయ్యాయి' అనక్కర్లేదు, వాడుకలో 'అయింది' చాలు. 'సేపు' మాత్రం వాడకండి. అది గంటల వరకే సరిపోతుంది. నెలలు నడిచే సర్వర్‌ని 'ఎంతసేపైంది' అని ఎవరూ అడగరు.

వ్యాఖ్య: వాక్యం బాగుంది కానీ 'ఆన్ చేసి' దగ్గర తేడా ఉంది. ఇదే మాట విండోస్‌లోనూ వాడాలంటే చిక్కు. అక్కడ ఫాస్ట్ స్టార్టప్ పనిచేస్తుంటే షట్‌డౌన్ చేసినా కెర్నల్‌ని (సిస్టమ్ మూలభాగాన్ని) డిస్క్‌లో దాచుకుంటుంది. పొద్దున మళ్లీ ఆన్ చేస్తే పాత లెక్కే కొనసాగుతుంది. రీస్టార్ట్ చేస్తేనే సున్నా నుంచి మొదలు. ఇప్పుడే ఆన్ చేసినవాడికి 'ఆన్ చేసి 9 రోజులైంది' అని చూపిస్తే స్క్రిప్ట్‌నే తిడతాడు. 'నడుస్తున్న' అన్నదీ నప్పదు. లైనక్స్‌లో ఆ అప్‌టైమ్ ఫైల్ మెషీన్ సస్పెండ్‌లో (నిద్రలో) ఉన్న సమయాన్ని కూడా కలుపుకుంటుంది. 'బూట్ అయి' అనండి, రెండుచోట్లా చెల్లుతుంది.

వ్యాఖ్య: 'బూట్' తెలుగేనా?

వ్యాఖ్య: సర్వర్ దగ్గర కూర్చునేవాళ్లకి తెలుగే.

ప్రశ్న వేసినవారు: 'బూట్ అయి' అనే పెట్టాను. రోజుల ముక్కకి వేరే షరతు కూడా రాయాల్సి వచ్చింది, లేకపోతే '0 రోజుల 4 గంటల 12 నిమిషాలైంది' అంటోంది. నిమిషాలు సున్నా అయితే 'గంటలైంది' దగ్గరే ఆగాలి, దానికో షరతు. ఒక్క నిమిషమే ఉంటే 'నిమిషమైంది', దానికి ఇంకోటి.

వ్యాఖ్య: అప్‌టైమ్ కమాండ్‌కి '-ఎస్' తగిలిస్తే బూట్ అయిన తేదీ, సమయం నేరుగా ఇస్తుంది. ఎప్పటి నుంచో చూపించేస్తే ఈ గొడవంతా ఉండదు కదా!