ట్రెయిలర్ పంపు పోయి వాటర్ టెండరు (నీళ్ల ట్యాంకు మోసుకొచ్చే ఫైరింజను) రావడం డెల్టా ఊళ్లకు మేలా, కీడా?

గట్టుమీద:
పాతకాలపు ఫైరాఫీసు అంటే జీపు, దాని వెనక ట్రెయిలర్ పంపు. నీళ్లు మోసే పనే లేదు. కాలువ గట్టున ఆపడం, సక్షన్ గొట్టం దించడం, పంపు తిప్పడం. ఇప్పుడొచ్చేది 4500 లీటర్ల టెండరు. నీళ్ల బరువే నాలుగున్నర టన్నులు, పుంతరోడ్డులో దిగబడుతుంది. 20 మి.మీ. నాజిల్‌తో మూడున్నర కిలోల ప్రెషరు మీద కొడితే నిమిషానికి 500 లీటర్లు, అంటే తొమ్మిది నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ ఊరి పక్కనే కాలువ పారుతుంటే, నీళ్లు లారీకెత్తుకుని తిరుగుతున్నాం.

లస్కరు:
పారుతుంటే, అన్నారు చూడండి, అక్కడే ఉంది తిరకాసు. తాటాకు కొంపలు తగలడేది ఏప్రిల్, మే నెలల్లో. పూడికతీతకీ లాకుల మరమ్మతుకీ కాలువలు కట్టేసేదీ అప్పుడే. మళ్లీ జూన్‌లో గానీ వదలరు. ఆ రోజుల్లో కాలువలో మిగిలేది మడుగులూ బురదానూ. స్ట్రెయినరు (సక్షన్ గొట్టం చివరి జల్లెడ) మీద కనీసం అడుగెత్తు నీళ్లు లేకపోతే సుడి తిరిగి గాలి లాగేస్తుంది, ప్రైమింగ్ పోతుంది, అంటే పంపులో నీళ్లు తెగి లాగడం ఆగిపోతుంది. పూరిల్లు అంటుకుంటే మొదటి ఐదు నిమిషాలే ఇల్లు, ఆ తర్వాత పేట. ఆ ఐదు నిమిషాల నీళ్లు వెంట తెచ్చేది టెండరేనండి.

దోటి:
తాటాకు కప్పు వేసేదే నీళ్లు జారిపోవడానికి. పైనుంచి ఎంత కొట్టినా చూరు దాకా జారి కింద పడతాయి, లోపలి పొర రగులుతూనే ఉంటుంది. మనుషులు బయటికొచ్చేశాక అంటుకున్న కొంపని వదిలెయ్యాలి. గాలివాటున ఉన్న పక్కింటి కప్పు దోటితో లాగేసి, దాని అవతలి కప్పు తడపాలి. దీనికి 12.5 మి.మీ. నాజిల్ చాలు. అదే ప్రెషరు మీద నిమిషానికి 200 లీటర్ల లోపే, ట్యాంకు ఇరవై నిమిషాల పైన వస్తుంది. పెద్ద నాజిల్ పెట్టి ఖాళీ చేసుకుంటే తప్పు టెండరుది కాదు.
గడ్డిమేటు, కొబ్బరిపీచు కుప్ప వేరే కథ. పైన ఆరినట్టుంటుంది, లోపల కుంపటి. పొక్లెయిన్‌తో విప్పి పొరపొరా తడపకుండా వెళ్లిపోతే తెల్లారేసరికి 101కి మళ్లీ ఫోను.

గట్టుమీద:
నాజిల్ సంగతి ఒప్పుకుంటా. కానీ లస్కరు గారూ, కాలువలు కట్టేసే ముందు ఊరూరా మంచినీళ్ల చెరువులు నింపుకుంటారు. భీమవరం, ఆకివీడు వైపు చేపల చెరువులు ఉండనే ఉన్నాయి. టెండరు ఆ గట్లెక్కదు, మనుషులు మోసే పోర్టబుల్ పంపు ఎక్కుతుంది.

లస్కరు:
ఎక్కుతుంది, లెక్కేద్దాం. చెరువు 150 మీటర్ల దూరమంటే 15 మీటర్ల హోసులు పది. 63 మి.మీ. హోసులో నిమిషానికి 500 లీటర్లు తోస్తే దారిలోనే ఒకటిన్నర కిలో పైన ప్రెషరు పోతుంది. నిమిషానికి 275 లీటర్ల పోర్టబుల్ పంపు అయితే నష్టం తక్కువ, నీళ్లూ తక్కువే. అందుకే దాన్ని నేరుగా మంట మీదికి తిప్పకుండా టెండరు ట్యాంకులోకి వదలాలి. దోటి గారి నాజిల్ తాగేది 200, చెరువునుంచి వచ్చేది 275. ట్యాంకు ఇక ఖాళీ అవదు.

ఉప్పుటేరు:
అంతర్వేది వైపు ఏటినుంచి లాగితే ఉప్పునీళ్లు. పని కాగానే మంచినీళ్లతో పంపు కడగకపోతే వాల్వులు పట్టేస్తాయి. ఇక పాశర్లపూడి మాట మాత్రం ఎవరూ ఎత్తకండి. 1995లో 65 రోజులు మండిన గ్యాసుబావి ఏ ఊరి ఫైరింజనుకీ లొంగేది కాదు.

గట్టుమీద:
ఎత్తను. చెరువులో దించేవాళ్లకి ఒక మాట: స్ట్రెయినరుకి బుట్ట తొడగండి, లేకపోతే గుర్రపుడెక్క వేళ్లు చుట్టేస్తాయి. ప్రెషరు గేజి పడిపోతూ వాక్యూమ్ గేజి (సక్షన్ వైపు లాగుడు చూపేది) పెరుగుతుంటే డెక్క అడ్డుపడినట్టు. రెండూ పడిపోతుంటే ఎక్కడో గాలి లాగుతోంది, ముందు కప్లింగ్ వాషర్లు చూడండి.