విశాఖ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: సైటు చెప్పే గంటలు, టికెట్టు చెప్పే గంటలు

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ వాసి):
మా అమ్మగారు జూన్‌లో మొదటిసారి శాన్‌ఫ్రాన్సిస్కోలోని మా అక్క దగ్గరకు వెళ్తున్నారు. దూరాలు చూపే ఒక సైటులో విశాఖ నుంచి అక్కడికి సుమారు 13,300 కిలోమీటర్లని, విమానంలో 15 గంటల ప్రయాణమని ఉంది. టికెట్టులో మాత్రం రాత్రి 9కి విశాఖలో బయలుదేరి, ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు విమానం మారి, అదే ఉదయం 7.30కి దిగుతారని ఉంది. "మూడున్నర గంటల్లో అమెరికాయా?" అని అమ్మ అడుగుతున్నారు. దేనిని నమ్మాలి?

జవాబు (సీతమ్మధార వాసి):
టికెట్టునే నమ్మండి, కాకపోతే అందులో వేసే ప్రతి సమయమూ ఆయా ఊరి గడియారం ప్రకారం ఉంటుంది. జూన్‌లో కాలిఫోర్నియా మనకంటే పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది కనుక, అక్కడి ఉదయం 7.30 అంటే మనకు రాత్రి 8 గంటలు. ఢిల్లీ నుంచి 16 గంటలు, విశాఖ నుంచి మొత్తం 23 గంటలు అవుతాయి. దిగాక ఇమ్మిగ్రేషను, సామాను ఉంటాయి కాబట్టి మన రాత్రి తొమ్మిదిన్నర దాకా ఫోను రాలేదని కంగారు పడకండి.

జవాబు (గాజువాక వాసి):
భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి విమాన ప్రయాణానికి పట్టే సమయంలో తేడా వస్తుందని చదివాను.

జవాబు (లాసన్స్ బే వాసి):
గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది కనుక అది నేరుగా కారణం కాదండి. సైటులోని 13,300 అనేది గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగితే వచ్చే దూరం. దానిని గంటకు 900 కిలోమీటర్ల చొప్పున భాగించి 15 అని వేసేస్తారు. ఆ దారం మన ఊరి నుంచి ఈశాన్యంగా టిబెట్, చైనా, సైబీరియాల మీదుగా పోతుంది. టిబెట్ పీఠభూమి ఎంత ఎత్తంటే, క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం ఊపిరాడే ఎత్తుకు దిగడానికి కింద చోటుండదు, అందుకే విమానాలు సాధారణంగా దాని మీదుగా వెళ్లవు. పైగా విశాఖ నుంచి నేరుగా విమానమే లేదు కాబట్టి ముందు వాయవ్యంగా ఢిల్లీకి 1,360 కిలోమీటర్లు ఎగరాలి.

అసలు విశేషం గాలిది. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే గాలి ఒక్కోసారి గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాని పసిఫిక్ మీదుగా నడిపినప్పుడు దూరం సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది, అయినా గాలి వెనక నుంచి తోయడంతో పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది. దూరం పెరిగి సమయం తగ్గడం ఏ సైటు లెక్కకూ అందదు.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండి. తిరుగు ప్రయాణం సెప్టెంబరులో, అక్కడ ఉదయం 10కి.

జవాబు (సీతమ్మధార వాసి):
16 గంటలే పట్టినా ఢిల్లీలో దిగేది మరునాడు మధ్యాహ్నం రెండున్నరకు. విశాఖ ఎయిర్‌పోర్టుకు కారు మాట్లాడేటప్పుడు బయలుదేరిన తేదీ చెప్పకండి.