పుంజుకి ఈస్ట్రోజెన్ ఇస్తే జీన్ మారినట్టా, కాదా?

గజపతినగరం పెట్టలు: పుంజుకి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను ఇంజెక్షన్ ఇస్తే దాని కాలేయం పచ్చసొన ప్రోటీను తయారుచేస్తుందట. మా అమ్మాయి డిగ్రీ పాఠంలో ఉంది. గుడ్డు పెట్టని పుంజుకి అది ఎక్కడిది? జీన్ మారినట్టే కదా?

రాజాం మాస్టారు: మారదండీ. ఆ పచ్చసొన ప్రోటీనుకి మూలమైన విటెలోజెనిన్ జీన్ పుంజులోనూ ఉంటుంది, పనిచెయ్యకుండా మూసి ఉంటుంది. డీఎన్ఏ హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ పొందూరు నూలు కండెలా చుట్టుకుని ఉంటుంది. ఈస్ట్రోజెన్ తన రిసెప్టర్‌తో (దాన్ని పట్టుకునే ప్రోటీనుతో) కలిసి ఆ జీన్ దగ్గర పడితే అక్కడ చుట్టు సడలుతుంది. డీఎన్ఏని కత్తిరించే డీఎన్ఏస్-1 ఎంజైమ్ వేస్తే సడలిన చోటే ముందు తెగుతుంది. తెల్లసొన ప్రోటీన్లలో సగానికి పైగా ఉండే ఓవాల్బ్యుమిన్ జీన్, తెల్లసొన తయారయ్యే పెట్ట అండవాహికలో ఇలాగే తేలిగ్గా తెగుతుందని 1976లో గారెల్, ఆక్సెల్ చూపించారు. కాలేయంలో అలా తెగలేదు.

గజపతినగరం పెట్టలు: సడలడం మారడం కాదా?

రాజాం మాస్టారు: డీఎన్ఏలో అక్షరాల వరస మారలేదు.

 

గజపతినగరం పెట్టలు: అక్షరాల గొడవ వద్దు మాస్టారూ. హార్మోను ఆగాక మళ్లీ బిగుస్తుందా?

పాలకొండ ఎమ్మెస్సీ: అంతా బిగవదు. 1983లో బర్చ్, వైన్‌ట్రాబ్ ఈ విటెలోజెనిన్ జీన్ మీదే చూశారు. హార్మోను పోయి జీన్ ఆగిపోయాక కూడా కొన్ని చోట్ల ఆ సడలింపు మిగిలింది. రెండోసారి ఇస్తే కాలేయం ఇంకా తొందరగా అందుకుంటుంది.

గజపతినగరం పెట్టలు: చూశారా! ఒక డీలరు మాటమీద 200 పెట్టలకి గుడ్లు పెరుగుతాయని ఒక పొడి వేశాను. రెండు నెలలకి గుడ్లు సగమయ్యాయి. అందరూ ఒకటే మాట, "ఏం మారదు, నీ మేతే తప్పు" అని. మీరూ అదే అంటున్నారు.

రాజాం మాస్టారు: నేను అననిది నాకు అంటగట్టకండి! "ఇంజెక్షన్ కోడి" పుకారుతో మా తమ్ముడి చికెన్ కొట్టు మూతపడింది. బ్రాయిలర్ తొందరగా పెరిగేది తరతరాలుగా జాతి ఎంపిక వల్ల, మేత వల్ల, హార్మోను వల్ల కాదు. ఇక్కడ "జీన్ మారింది" అని రాస్తే రేపు వాట్సాప్‌లో ఏమవుతుందో నాకు తెలుసు. ఆ భయంతోనే గట్టిగా మాట్లాడాను.

గజపతినగరం పెట్టలు: మీ భయం మీది. నా పెట్టలకి ఏదో జరిగిందని ఒక్కరు ఒప్పుకుంటే చాలు నాకు.

రాజాం మాస్టారు: జరిగే ఉంటుంది. కానీ ఆ పొడిలో హార్మోను ఉందో లేదో తెలియకుండా క్రోమాటిన్ (ఆ డీఎన్ఏ, హిస్టోన్ల చుట్ట) మీద నెట్టలేం. ప్యాకెట్ ఉందా? పశువుల డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి.

గజపతినగరం పెట్టలు: ఉంది. దాని మీద కంపెనీ పేరే లేదు మాస్టారూ.