అప్‌డేట్: డాడ్జ్ బానెట్ మీది పొట్టేలు నకలే!

తాతగారి 1951 డాడ్జ్ కారు బానెట్ మీది పాత పొట్టేలు బొమ్మ కొమ్ము విరిగితే, హైదరాబాద్ పాత సామాన్ల సంత జుమ్మెరాత్ బజార్‌లో ఇంకోటి కొని, అది ఒరిజినలేనా అని అడిగాను కదా. కాదండీ. "అడుగున గీకి చూడండి" అని మీలో ఒకరు అన్నట్టే, మెకానిక్ అన్న ఆకురాయితో ఒక మూల గీశాడు. క్రోమ్ పూత కింద పసుపుపచ్చగా మెరిసింది, ఇత్తడి! అప్పట్లో ఇలాంటివి ఎక్కువగా జింక్ మిశ్రమంతో పోత పోసేవారు. గీస్తే లోపల బూడిదరంగు రావాలి. మా కొమ్ము విరిగిన పాత బొమ్మ సరిగ్గా అలాగే ఉంది, పైన క్రోమ్ పొక్కులతో సహా. కొత్తదాని కొమ్ముల మెలికలు కూడా నాకిన ఐస్‌క్రీమ్‌లా మొద్దుబారాయి. "పక్కా ఒరిజినల్ సాబ్" అన్నాడు అమ్మినాయన! సరే, బండికి ఇత్తడిదే బిగించాను. విరిగినది అమ్మ బీరువాలో ఉంది.