బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం: వెళ్లవచ్చా?

హన్మకొండ నుంచి వచ్చి, రెండు నెలలుగా షార్జాలో ఉంటున్న సభ్యుడు:

అన్నలకు, అక్కలకు నమస్కారం. డిగ్రీ పూర్తి చేసి విజిట్ వీసాపై వచ్చాను. మరో ఆరుగురితో కలిసి ఒకే గదిలో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. వీసా గడువు ఇంకా 11 రోజులే ఉంది. నన్ను పంపడానికి నాన్న మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారు కాబట్టి ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లాలంటే మనసు ఒప్పడం లేదు. ఇంతలో టెలిగ్రామ్‌లో బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం ఉందని, నెలకు 1,000 డాలర్ల జీతంతో పాటు భోజనం, వసతి, విమానం టికెట్ కూడా వాళ్లే ఇస్తారని ఒక ప్రకటన వచ్చింది. వీడియో కాల్‌లో మన తెలుగాయనే మాట్లాడి, టైపింగ్ పరీక్ష పెట్టి, అరగంటలోనే ఎంపికయ్యానని చెప్పారు. నాతో చదువుకున్న స్నేహితుడొకడు అక్కడే పని చేస్తున్నాడు. నా నంబరు ఇచ్చింది కూడా వాడే. ఈ ఉద్యోగాన్ని నమ్మవచ్చా?

కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి, 2008 నుంచి దుబాయిలో ఉంటున్న సభ్యుడు:

తమ్ముడూ, కారణాలు తర్వాత చదువుకో, ముందుగా ఒక్క మాట విను. ఆ టికెట్ మీద విమానం ఎక్కవద్దు.

నన్ను ఇక్కడికి పంపిన ఏజెంటు కంపెనీ వీసా అని చెప్పి, ఏ ఉద్యోగమూ లేని ఆజాద్ వీసా అంటగట్టాడు. చెప్పిన జీతంలో సగం కూడా చేతికి రాలేదు. అయినా ఆయనకు ఒక ఊరు, ఒక ఇల్లు ఉండేవి కాబట్టి మా నాన్న పెద్దమనుషులను వెంటబెట్టుకొని వెళ్లి, మూడు రోజులు ఆయన ఇంటి అరుగు మీద కూర్చొని కొంత డబ్బయినా తిరిగి రాబట్టగలిగారు. నీతో వీడియో కాల్‌లో మాట్లాడిన మనిషి ఏ దేశంలో కూర్చొని మాట్లాడాడో నీకు తెలియదు, రేపు అతని ఖాతా మాయమైతే మీ నాన్న వెళ్లి అడగడానికి ఒక గడప కూడా ఉండదు. మనుషుల అక్రమ రవాణాలో ఈ పది పదిహేనేళ్లలో వచ్చిన అన్నిటికన్నా పెద్ద మార్పు ఇదేనని నేను అనుకుంటాను.

నువ్వు చెప్పిన గుర్తులన్నీ ఒకే దారిని చూపిస్తున్నాయి. బ్యాంకాక్ విమానాశ్రయంలో డ్రైవరు ఒకడు నీ పేరు రాసిన కాగితం పట్టుకొని నిలబడతాడు. ఆఫీసు దగ్గరే అని చెప్పి కారులో గంటల తరబడి పడమరకు తీసుకెళ్లి, మే సోట్ అనే సరిహద్దు పట్టణం దగ్గర మోయి నదిని దాటిస్తారు. ఆవలి ఒడ్డు మయన్మార్‌లోని మ్యావడీ ప్రాంతం. అక్కడ ఎత్తైన గోడలు, సాయుధ కాపలా మధ్య సైబర్ మోసాల కేంద్రాలు ఉన్నాయి. కంబోడియాలోనూ, లావోస్‌లోని గోల్డెన్ ట్రయాంగిల్ ప్రాంతంలోనూ ఇలాంటివే నడుస్తున్నాయి. లోపలికి అడుగు పెట్టగానే పాస్‌పోర్టు లాక్కుంటారు. ఆ తర్వాత ఆడపిల్లల ఫోటోలతో దొంగ ఖాతాలు తెరిపించి, ఎక్కడెక్కడి వారితోనో ప్రేమగా మాట్లాడించి, క్రిప్టో పెట్టుబడుల పేరుతో వారి డబ్బు కాజేయించడమే అక్కడి డేటా ఎంట్రీ. రోజు లెక్క పూర్తి కాకపోతే కొడతారు, కరెంటు షాకులు పెడతారు, లేదా మరో కంపెనీకి అమ్మేస్తారు. బయటికి వెళ్తానంటే టికెట్ ఖర్చు, తిండి ఖర్చు అంటూ వేల డాలర్లు కట్టమంటారు. మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది ఇలా బలవంతపు పనిలో చిక్కుకొని ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో అంచనా వేసింది.

చదువుకున్న వాడిని, నన్నెవరు మోసం చేస్తారని అనుకోవద్దు, ఎందుకంటే వారికి కావలసింది సరిగ్గా నీలాంటి వాళ్లే: కంప్యూటరు తెలిసి, ఇంగ్లీషు రాసి, అప్పు మోస్తున్న డిగ్రీ కుర్రాళ్లు. పదో తరగతి పాసుకాని వాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది; గల్ఫ్ దేశాలు, థాయిలాండ్, మలేషియా సహా 18 దేశాలకు ఉద్యోగ వీసాపై వెళ్లాలంటే వాళ్లకు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి తప్పనిసరి. నీకు ఆ షరతు లేదు, కాబట్టి నీ కాగితాలు పరిశీలించే వారు కూడా లేరు. పైగా మయన్మార్, కంబోడియా, లావోస్ ఆ 18 దేశాల జాబితాలోనే లేవు, థాయిలాండ్‌కు మన వాళ్లు పర్యాటకులుగా సులభంగానే వెళ్లిపోతున్నారు. 1983 నాటి వలస చట్టం పేరుతో కూలీల కోసం అల్లిన వల కళ్లలోంచి పట్టభద్రులు జారిపోతున్నారని చెబితే నీకు సులభంగా అర్థమవుతుందేమో.

ఇక నీ స్నేహితుడి సంగతి, ఇది రాయడానికి నాకు బాధగా ఉంది. ఇద్దరిని తీసుకొస్తే కమీషన్ ఇస్తామని, లేదా విడిచిపెడతామని ఆ కేంద్రాల్లో చిక్కుకున్న మనుషులకు ఆశ చూపిస్తారు. అతను నిన్ను మోసం చేస్తున్నాడని అనడం లేదు. తల మీద కర్ర ఆడుతుంటే మాట్లాడుతుండవచ్చు. ఒంటరిగా ఉన్నప్పుడు వీడియో కాల్ చేయమని అడుగు, మీ ఇద్దరికీ మాత్రమే తెలిసిన కాలేజీ నాటి విషయం ఏదైనా ప్రస్తావించు. అతను మాట తప్పించినా, పక్కన ఎవరో ఉన్నట్టు అనిపించినా మరింకేమీ అడగవద్దు, దానివల్ల అతనికే ప్రమాదం. అతని ఇంట్లో వాళ్లకు ఆ సంగతి చెప్పు.

ఈ వ్యాపారాన్ని ఆపడానికి ఎవరూ ఏమీ చేయడం లేదని కూడా అనుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో థాయిలాండ్ తన సరిహద్దు నుంచి మ్యావడీ సహా అయిదు ప్రాంతాలకు కరెంటు, ఇంధనం, ఇంటర్నెట్ నిలిపివేసింది. ఆ ఒత్తిడికి వేల మంది బయటపడ్డారు. మార్చిలో మన వాయుసేన విమానాలు మే సోట్ నుంచి రెండు రోజుల్లో 549 మంది భారతీయులను ఇంటికి చేర్చాయి. వారిలో తెలంగాణ వాళ్లూ ఉన్నారు. వారు చెప్పిన వివరాల ఆధారంగానే తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో మన రాష్ట్రంలోని సబ్ ఏజెంట్లపై కేసులు పెట్టి అరెస్టులు చేసింది. తీగలు తెగినచోట ఉపగ్రహ ఇంటర్నెట్ వాడుకుంటున్నారని తేలాక, స్టార్‌లింక్ నడిపే సంస్థ అక్టోబరులో మయన్మార్‌లోని అనుమానిత కేంద్రాల సమీపంలో 2,500కు పైగా పరికరాలను నిలిపివేసినట్లు ప్రకటించింది. నవంబరులో మరికొన్ని వందల మంది భారతీయులు ఇళ్లకు చేరారు. అయినా ఒకచోట మూసిన కొట్టు మరోచోట తెరుచుకుంటోంది. 2024లో ఫేస్‌బుక్ నడిపే మెటా సంస్థ ఇలాంటి కేంద్రాలతో సంబంధమున్న 20 లక్షలకు పైగా ఖాతాలను తొలగించానని చెబుతూ ఆ కేంద్రాలున్న దేశాల పేర్లు ఇచ్చింది, వాటిలో మనం ఉంటున్న ఎమిరేట్స్ కూడా ఉంది. కాబట్టి బ్యాంకాక్ వద్దని, దుబాయిలోనే చాటింగ్ ఉద్యోగం ఇస్తామని ఎవరైనా పిలిచినా ముందు కొన్ని సంగతులు సరిచూసుకో.

ఆ సంగతులు ఏమిటంటే, ఇక్కడ ఎమిరేట్స్‌లో చట్టబద్ధమైన ఉద్యోగమైతే కార్మిక మంత్రిత్వ శాఖ నమోదు చేసిన ఆఫర్ లెటర్ వస్తుంది, దాని మీది నంబరును మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. ఉద్యోగం ఇప్పించే ఖర్చును కార్మికుడి నుంచి వసూలు చేయడం ఇక్కడి చట్టప్రకారం నేరం. యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం కూడా చెల్లదు. భారత్ నుంచి పంపుతామనే ఏజెంటు ఎవరైనా మన విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో నమోదై ఉండాలి, సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోకూడదు. లక్షన్నర అడిగాడంటే అతని నమోదు సంఖ్య వెతకవలసిన పని కూడా లేదు.

జగిత్యాల నుంచి వచ్చి, అబుదాబిలో ఉంటున్న అక్క:

అన్నయ్య రాసిన దానికి ఒక్క సంగతి కలుపుతాను. మన ఆడపిల్లల విషయంలోనూ ఫోనే బజారైపోయింది. కువైట్‌లో ఇంటి పనివాళ్లను ఇన్‌స్టాగ్రామ్‌లోనూ, యాప్‌లలోనూ ఫోటో, వయసు, ధరతో సహా అమ్మకానికి పెట్టిన సంగతిని 2019లో బీబీసీ బయటపెట్టింది. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న 30 ఏళ్లలోపు స్త్రీలకు ఇంటి పనికి మన ప్రభుత్వం అనుమతి ఇవ్వదు. ఆ నిబంధన తప్పించడానికే ఏజెంట్లు విజిట్ వీసా పెట్టి పంపిస్తున్నారు, ఇక్కడికి వచ్చాక ఆమె ఎవరి లెక్కలోనూ ఉండదు. నేను చూసినంతలో ఇలా చిక్కుకున్న ఆడవాళ్లు ముందుగా ఆలోచించేది దెబ్బల గురించి కాదు, ఊళ్లో ఏమనుకుంటారోనని. నేనే సంతకం పెట్టి వచ్చాను కదా, ఎవరిని అడగాలి అంటారు. అది తప్పు ఆలోచన. మోసం చేసి తీసుకొస్తే, సంతకం ఉన్నా సమ్మతి కిందికి రాదని మనుషుల అక్రమ రవాణాపై 2000 నాటి ఐక్యరాజ్యసమితి పాలెర్మో ఒప్పందం చెబుతుంది, మన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కూడా అదే అంటుంది. కనీసం ఏడేళ్ల శిక్ష పడేది తీసుకొచ్చిన వాడికి. ఎమిరేట్స్‌లో ఆపదలో ఉన్న మన వాళ్లు ఎవరైనా మన కాన్సులేట్ సహాయ కేంద్రానికి 800 46342 నంబరులో ఫోన్ చేయవచ్చు, దానికి డబ్బు పడదు.

హన్మకొండ సభ్యుడు:

అక్కా, అన్నా, కృతజ్ఞతలు. నిన్న రాత్రి స్నేహితుడికి ఫోన్ చేశాను. మా హాస్టల్ వార్డెన్ పేరు అడిగితే, ముందు బ్యాంకాక్ వచ్చెయ్ అని మాత్రమే అని పెట్టేశాడు. టికెట్ పంపిన వాళ్లకు రానని చెప్పాను. టికెట్ డబ్బు కట్టకపోతే కేసు పెడతామని బెదిరిస్తున్నారు. ఆ సంభాషణ అంతా తుడిచేసి నంబరు మార్చేయాలని అనిపిస్తోంది.

కరీంనగర్ జిల్లా సభ్యుడు:

తుడిచేయవద్దు తమ్ముడూ. నీ దగ్గర ఉన్న ఆధారం అదొక్కటే, నీ స్నేహితుడికి కూడా బహుశా అదే దారి. ప్రకటన, ఫోన్ నంబర్లు, టికెట్, బెదిరింపు సందేశాలు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి ఇంట్లో వాళ్లకు పంపించు. ఆ తర్వాతే వాళ్లను బ్లాక్ చెయ్యి. వాళ్లు ఏ కేసూ పెట్టలేరు. ఇంట్లో వాళ్లు సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి, వరంగల్ సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వాలి. నీ స్నేహితుడి తల్లిదండ్రులను కూడా వెంట తీసుకెళ్లమని చెప్పు, అతని పాస్‌పోర్టు నకలు, చివరగా మాట్లాడిన తేదీ, అతను పంపిన లొకేషన్ ఏదైనా ఉంటే అదీ చేతిలో ఉంచుకోవాలి. వాళ్లే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కూడా నమోదు చేయిస్తే అక్కడి రాయబార కార్యాలయానికి సమాచారం చేరుతుంది.

నీ వీసా గురించి కూడా చెబుతాను. గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా పడుతుంది, ఖల్లివల్లిగా, అంటే వీసా లేకుండా దొంగచాటుగా మిగిలిపోయే పరిస్థితి తెచ్చుకోకు. ఈ శుక్రవారం దుబాయి దేరాలో మా గదికి రా, డిగ్రీ కాగితాలు తీసుకొని. మా కంపెనీ స్టోర్స్‌లో ఒక ఖాళీ ఉంది, అడిగి చూస్తాను. అది కాకపోతే గడువులోపే ఇంటికి వెళ్లి, విదేశీ ఉద్యోగాలు చూపించే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో పేరు నమోదు చేసుకో. అప్పు సంగతి మీ నాన్నగారితో మాట్లాడటం కష్టమనిపిస్తే నంబరు పంపు, నేను మాట్లాడతాను.