ఫైళ్లు పాడవుతుంటే ముందు అనుమానించాల్సింది డిస్క్‌నా, ర్యామ్‌నా?

కొత్తబిల్డ్: పెన్‌డ్రైవ్ నుంచి పెళ్లి ఫొటోలు పీసీలోకి కాపీ చేస్తే, కొన్ని సగం దాకా బాగానే ఉండి కింద అంతా బూడిద రంగు వస్తోంది. పెద్ద జిప్‌లు విప్పితే సీఆర్‌సీ (డేటా మారిందేమో చూసే తనిఖీ) ఎర్రర్. అవే ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో బాగున్నాయి. షాపతను కేసు కూడా విప్పకుండా "ఎస్‌ఎస్‌డీ పోయింది, మార్చేయండి" అన్నాడు. మార్చాలా?

పాతసీపీయూ: ఆగండి. ఎస్‌ఎస్‌డీ అయినా మరొకటైనా, డిస్క్ ప్రతి సెక్టార్‌తో (డేటా ముక్కతో) పాటు దిద్దుబాటు కోడ్ కూడా రాసుకుంటుంది. దిద్దలేనంత పాడైతే రీడ్ ఎర్రర్ ఇస్తుంది. నోరెత్తకుండా తప్పు డేటా చేతిలో పెట్టడం అరుదు. మామూలు పీసీల ర్యామ్‌కు అంత పూర్తి కాపలా ఉండదు. అక్కడ ఒక్క బిట్ తిరగబడినా ఆ తప్పే డిస్క్ మీదికి వెళ్తుంది. గూగుల్ సర్వర్ల మీద 2009లో వచ్చిన అధ్యయనంలో, ఏడాదిలో 8 శాతానికి పైగా మెమరీ మాడ్యూళ్లలో (ర్యామ్ స్టిక్‌లలో) ఎర్రర్లు కనిపించాయి.

కేబుల్‌రాజు: రాత్రింబవళ్లు నడిచే సర్వర్ల లెక్క ఇంటి పీసీకి ఎలా అతుకుతుందండీ? ముందు స్మార్ట్ రీడింగ్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) చూడాలి, రెండు నిమిషాల పని. అందులో 5, 197 నంబర్ల లెక్కలు (పాడైన, అనుమానం ఉన్న సెక్టార్లు) పెరుగుతుంటే డిస్కే. 199 (డేటా వచ్చే దారిలో దొర్లిన తప్పులు) పెరుగుతుంటే డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చండి.

పాతసీపీయూ: చూడండి, కాదనను. కానీ కేబుల్‌లో తప్పు దొర్లితే సీఆర్‌సీ పట్టేసి మళ్లీ పంపమంటుంది. స్పీడ్ పడిపోతుంది గానీ ఫొటో సాధారణంగా చెడదు. కొత్తబిల్డ్ గారూ, ర్యామ్ కంటే పెద్ద ఫైల్ ఒకటి తీసుకుని, విండోస్‌లోనే ఉండే సర్ట్‌యుటిల్ కమాండ్‌తో ఎస్‌హెచ్‌ఏ256 హ్యాష్ (ఫైల్‌కు వేలిముద్ర లాంటి కోడ్, ఫైల్ మారకపోతే ఇదీ మారకూడదు) రెండు మూడుసార్లు తీయండి. ఫైల్ చిన్నదైతే విండోస్ దాన్ని క్యాష్‌లోంచే (ర్యామ్‌లో దాచుకున్న కాపీ నుంచే) చదివేస్తుంది, ఏమీ తేలదు. తీసిన ప్రతిసారీ వేరే హ్యాష్ వస్తే ర్యామ్ వైపే చూడాలి.

కొత్తబిల్డ్: స్మార్ట్‌లో అంతా సున్నాలే. హ్యాష్ మాత్రం తీసిన ప్రతిసారీ మారుతోంది! బయోస్‌లో (పీసీ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను ఎక్కువ స్పీడ్‌లో నడిపే సెట్టింగ్, ఆపితే ఒకటే వస్తోంది. ర్యామ్ ఆర్డర్ పెట్టేయనా?

కేబుల్‌రాజు: అప్పుడే వద్దు. ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ ఉండేది ప్రాసెసర్‌లో. ర్యామ్ బాగున్నా ఆ కంట్రోలర్ ఎక్స్‌ఎంపీ స్పీడ్ తట్టుకోలేకపోవచ్చు. పైగా ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లలో వోల్టేజ్ సమస్య 2024లో బయటపడింది. వాటిలోనూ ఇలాగే జిప్‌లు విప్పేటప్పుడు ఎర్రర్లు వచ్చేవి. ఒకసారి దెబ్బతిన్న చిప్ బయోస్ అప్‌డేట్‌తో బాగుపడదు, వారంటీలో మార్పించుకోవాల్సిందే.

పాతసీపీయూ: ఇది ఒప్పుకుంటాను. ఎక్స్‌ఎంపీ మళ్లీ ఆన్ చేసి, ఒక్కో స్టిక్‌నే ఒకే స్లాట్‌లో పెట్టి రాత్రంతా మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాం) నడపండి. ఒకే స్టిక్‌లో ఎర్రర్లు వస్తే దాన్ని మార్చండి. రెండింటిలోనూ వస్తే ప్రాసెసర్ మోడల్, బయోస్ వెర్షన్ ఇక్కడ రాయండి. అది తేలేదాకా ఆ పీసీలో ఫొటోలు కాపీ చేయకండి, పెన్‌డ్రైవ్‌లోవి చెరపకండి.